ఒక్క రక్తపు చుక్కతో నలభై పరీక్షలట, నమ్మొచ్చా?

సందేహాల_సుబ్బయ్య
బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్‌లో ఆదివారం హెల్త్ క్యాంప్ పెట్టారు. టేబుల్ మీద జానెడు మెషీన్ ఒకటి. వేలికి సూది గుచ్చి ఒక్క చుక్క తీసి, క్రెడిట్ కార్డు సైజు ప్లాస్టిక్ ముక్కలో వేసి లోపలికి తోశారు. కాసేపట్లో ఫోన్‌కి రిపోర్ట్. "ఇంక ల్యాబుకి వెళ్లే పనే లేదు సార్, అంతా చిప్‌లోనే" అన్నాడు ఆ కుర్రాడు.

మా నాన్న అనంతపురం నుంచి వచ్చి ఉన్నారు. ఆయనా చేయించుకున్నారు. పొటాషియం 6.3 అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. వెంటనే వాళ్ల టెలీ డాక్టర్ ఫోన్ చేసి, గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది, ఎమర్జెన్సీకి వెళ్లండి అన్నాడు. ఇల్లంతా టెన్షన్. ఆసుపత్రిలో ఈసీజీ తీశారు, నార్మల్. నరం నుంచి రక్తం తీసి చూస్తే 4.4. ఇంటికి పంపించేశారు, బిల్లు మాత్రం ఘనంగా వేసి.

అసలు గొడవ ఇప్పుడు మొదలైంది. నాన్న "మిషన్లన్నీ మోసమే" అని ఇంట్లో ఉన్న గ్లూకోమీటర్ కూడా అటక మీదకి ఎక్కించేశారు. ఆయనకి షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. ఆఫీసులో కొలీగ్ ఏమో కొన్నేళ్లు పోతే ల్యాబులే ఉండవంటాడు. ఈ లైన్లో ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పండి. దీని వెనక నిజంగా సైన్స్ ఉందా, లేక స్టాల్ పెట్టి ప్యాకేజీలు అమ్ముకునే వ్యవహారమా?

బెందకాళూరు_బుజ్జి
మా అపార్ట్‌మెంట్‌కీ వచ్చారు. సూది ఫ్రీ, రిపోర్ట్ ఫ్రీ, ఆ తర్వాత "సార్ విటమిన్ ప్యాకేజీ" అని వచ్చే ఫోన్లు జీవితాంతం ఫ్రీ.

రక్తపింజర
నేను ల్యాబ్ టెక్నీషియన్. మెషీన్ సంగతి తర్వాత, ముందు చుక్క ఎలా తీశారో చెప్పండి. చెయ్యి చల్లగా ఉందా? రక్తం దానంతటదే వచ్చిందా, వేలు నొక్కారా? మొదటి చుక్క తుడిచేశారా?

సందేహాల_సుబ్బయ్య
@రక్తపింజర నొక్కడమా! నాన్నది నాగలి పట్టిన చెయ్యి, వేళ్లు కాయలు కాసి ఉంటాయి. ఎంతకీ రక్తం రాలేదు. ఆ అమ్మాయి ఆవు పొదుగు పిండినట్టు పిండింది. తుడవడం లాంటిదేమీ చూడలేదు.

రక్తపింజర
అయితే దొంగ దొరికాడు. ఎర్ర కణాల లోపల పొటాషియం బయట ప్లాస్మా అనే ద్రవంలో ఉన్నదానికంటే ఇరవై రెట్లకు పైనే ఉంటుంది. వేలు పిండితే కొన్ని కణాలు పగిలిపోతాయి, లోపలి సరుకంతా బయటికొస్తుంది. ఏ కొంచెం పగిలినా 4 కాస్తా 6 అవుతుంది. దీన్ని మేం హిమోలైజ్డ్ శాంపిల్ అంటాం.

మా దగ్గర ట్యూబుని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పగానే పైన తేలే ద్రవం ఎండుగడ్డి రంగులో కాకుండా గులాబీ రంగులో కనిపిస్తే అక్కడికక్కడే పక్కన పెట్టి మళ్లీ రక్తం తీయమంటాం. పెద్ద మెషీన్లయితే ఆ రంగును అవే కొలిచి హెచ్చరిస్తాయి. మొత్తం రక్తాన్ని నేరుగా కొలిచే బుల్లి మెషీన్లలో చాలావాటికి ఆ గులాబీ రంగు కనపడే వీలే లేదు. అది కొలిచింది సరిగ్గానే కొలిచి ఉంటుంది. దానికి అందిన చుక్కే చెడిపోయింది.

ఇంకోటి. పిండితే రక్తంతో పాటు చర్మం కింది నీరు కూడా కలుస్తుంది. అమెరికాలో రైస్ యూనివర్సిటీ వాళ్లు 2015లో ఒకే వేలి నుంచి వరసగా చుక్కలు తీసి హిమోగ్లోబిన్, కణాల లెక్క చూస్తే చుక్కచుక్కకీ తేడా వచ్చింది. నరం రక్తమంత నిలకడ రావాలంటే ఆరు నుంచి తొమ్మిది చుక్కల సగటు తీయాల్సి వచ్చింది.

బెందకాళూరు_బుజ్జి
@రక్తపింజర ల్యాబ్ టెక్నీషియన్‌కి ఈ పేరు పెట్టుకున్నందుకు ముందు మీకో దండం.

వేఫర్_వీరయ్య
సుబ్బయ్యగారూ, సైన్స్ నిజమే. నేను ఈ ఊళ్లోనే మైక్రోఫ్లూయిడిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను, అంటే జుట్టు మందంలో కాలువలు చేసి వాటిలో రక్తాన్ని, కణాలను నడిపించే పని.

అంత చిన్న కాలువలు ఎందుకంటే, ఎర్ర కణం వెడల్పు 7, 8 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కాలువ 50 మైక్రాన్లు ఉంటే ఒక్కో కణాన్ని విడిగా పట్టుకోవచ్చు, చూడొచ్చు, లెక్కపెట్టొచ్చు. రెండోది వేగం. గ్లూకోజ్ లాంటి అణువు నీళ్లలో దానంతటదే పాకుతూ 100 మైక్రాన్లు దాటాలంటే కొన్ని సెకన్లు చాలు. అదే 1 సెంటీమీటర్ దాటాలంటే దాదాపు ఒక రోజు. దూరం పది రెట్లు తగ్గితే సమయం వంద రెట్లు తగ్గుతుంది. చిప్ పరీక్షలు నిమిషాల్లో అయిపోవడానికి సగం కారణం ఇదే, అందులో మాయ ఏమీ లేదు.

చేయడం చూస్తే మాత్రం నవ్వొస్తుంది. సిలికాన్ పలక మీద కాంతికి గట్టిపడే ఎస్‌యూ-8 అనే జిగురు పూసి, మాస్క్ పెట్టి యూవీ కాంతి వేస్తే కాలువ ఆకారం గట్టులా నిలబడుతుంది. దాని మీద పీడీఎంఎస్ అనే సిలికోన్ రబ్బరు పోస్తాం. పది పాళ్ల జిగురుకి ఒక పాలు గట్టిపరిచే ద్రవం. కలిపేసరికి అంతా తెల్లటి నురగ. వ్యాక్యూమ్‌లో పెడితే బుడగలు పైకి పొంగి టప్పుటప్పుమని పగులుతుంటాయి, అన్నీ పోయేదాకా కాపలా కాయాలి. తర్వాత ఓవెన్. బయటికి తీసి బ్లేడుతో కోసి ఒలిస్తే అద్దంలాంటి రబ్బరు ముక్క, వెలుతురుకి పెడితే తప్ప కాలువ కనపడదు. పంచ్‌తో చిల్లులు కొట్టి, ప్లాస్మా (రక్తంలోది కాదు, కరెంటుతో రగిలించిన వాయువు) తగిలించి గాజు పలకకి అతికించాలి. ఇంతా చేశాక కాలువలో ఒక్క గాలి బుడగ ఇరుక్కుంటే ఆ చిప్ చెత్తబుట్టలోకే.

మా ఫీల్డులో పాత జోకు ఒకటుంది. బయట దీన్ని ల్యాబ్ ఆన్ ఎ చిప్ అంటారు. మా గదికొచ్చి చూస్తే చిప్ ఇన్ ఎ ల్యాబ్. బొటనవేలంత చిప్, చుట్టూ పంపులు, ట్యూబులు, మైక్రోస్కోపు, లేజరు, కంప్యూటరు.

కడప_కారం
అమెరికాలో ఒకావిడ ఇదే ఒక్క చుక్క కథ చెప్పి జైలుకి పోయింది కదా. నల్ల స్వెటరు ఆవిడ. మళ్లీ ఇక్కడ మొదలా?

వేఫర్_వీరయ్య
@కడప_కారం థెరానోస్. 2003లో ఎలిజబెత్ హోమ్స్ పెట్టింది. ఒక దశలో దాని విలువ 900 కోట్ల డాలర్లని లెక్కకట్టారు. 2015లో వాల్ స్ట్రీట్ జర్నల్‌లో జాన్ కారీరూ రాసిన కథనాలతో గుట్టు బయటపడింది. 2022 జనవరిలో మోసం కేసులో దోషి అని తేలింది, అదే ఏడు నవంబర్లో పదకొండేళ్ల పైచిలుకు శిక్ష వేశారు. అసలు తమాషా ఏంటంటే, వాళ్ల సొంత మెషీన్ చేసిన పరీక్షలు గుప్పెడే. మిగతావాటిలో కొన్నింటికి వేలి రక్తాన్ని పలుచన చేసి, బయట కొన్న మామూలు పెద్ద మెషీన్లలో పోసి లెక్కలు తీశారు.

స్టార్టప్_శీను
ఇదుగో, చిన్న మెషీన్ అనగానే ఆవిడ పేరు తీయకుండా ఎవరూ ఉండలేరు. ఇన్వెస్టర్లూ అంతే. నేను హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్‌లో ఒక డివైస్ కంపెనీలో ఉన్నాను కాబట్టి కొంచెం మంట.

మన ఊరి నుంచే వచ్చింది చెప్తా వినండి. ట్రూనాట్. బెంగళూరు బిగ్‌టెక్ ల్యాబ్స్, గోవా మోల్‌బయో కలిసి చేసిన టీబీ పరీక్ష. వేలెడంత చిప్ మీద పీసీఆర్, అంటే క్రిమి డీఎన్ఏని ఎన్నో రెట్లు పెంచి కనిపెట్టే పద్ధతి. బ్యాటరీతో నడుస్తుంది. గంట అటూ ఇటుగా టీబీ ఉందో లేదో చెప్తుంది, ఉంటే రిఫాంపిసిన్ మందు పనిచేస్తుందో లేదో ఇంకో చిప్‌తో చూడొచ్చు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది. అంతకుముందు 2010 నుంచి ఇలాంటిదే ఇంకో టీబీ మెషీన్ జీన్‌ఎక్స్‌పర్ట్ ఉంది, అది మంచిదే, కానీ దానికి నిలకడైన కరెంటు, చల్లటి గది కావాలి. పల్లె పీహెచ్‌సీలో ఏసీ ఎక్కడిది?

ఒక్కడు మోసం చేస్తే అందరి నెత్తినా రుద్దకండి.

కడప_కారం
@స్టార్టప్_శీను బ్రో రుద్దలేదు, అడిగాను అంతే. నీ కంపెనీ మెషీన్ ఎన్ని పరీక్షలు చేస్తుంది?

స్టార్టప్_శీను
ఒకటి. ఒక్కటే. దానికే తలప్రాణం తోకకొచ్చింది.

బెందకాళూరు_బుజ్జి
ఒకటి చేసేవాడికి ఆఫీసు, నలభై చేసేవాడికి క్లబ్ హౌస్‌లో టేబుల్. కలికాలం.

తారామణి_తెలుగోడు
నాది నెల్లూరు, ఉద్యోగం చెన్నైలో, టీబీ పని మీద తిరువళ్లూరు జిల్లా పల్లెలు తిరుగుతుంటాను. శీను చెప్పింది నిజమే. మైక్రోస్కోపులో టీబీ కనపడాలంటే మిల్లీలీటరు కళ్లెలో దాదాపు 10,000 సూక్ష్మక్రిములు ఉండాలి. ఈ చిప్ పరీక్షలకి అంతకంటే చాలా తక్కువ చాలు. మొదట్లోనే దొరికిపోతారు, అది చిన్న విషయం కాదు.

కానీ నేను చూసే గొడవ వేరు. మెషీన్ ఎంత గొప్పదైనా మనిషి కళ్లె ఇవ్వాలి. చాలామంది సీసాలో ఉమ్మి ఊసి ఇస్తారు. పొద్దున్నే లేవగానే లోపల్నుంచి దగ్గి ఇవ్వమ్మా అంటే సిగ్గు. పక్కన పదిమంది కూర్చుని ఉంటే ఎవరు దగ్గుతారు? ఉమ్మి వేస్తే చిప్ నెగటివ్ అంటుంది. అక్కడ ఆ చిప్ కంటే, పక్కకి తీసుకెళ్లి ఎలా దగ్గాలో చూపించే ఆశా కార్యకర్తే ముఖ్యం.

రక్తపింజర
@తారామణి_తెలుగోడు మీ చెయ్యి ఇలా ఇవ్వండి బాబూ. నేను పొద్దుట్నుంచి అదే మొత్తుకుంటున్నా.

డాక్టరమ్మ_జయనగర్
ఒక్క చుక్క అనే మాట మీదే నాకు పేచీ. లెక్క వేసి చూడండి.

వేలి నుంచి తీసే చిన్న చుక్క 20 మైక్రోలీటర్లు అనుకుందాం (మైక్రోలీటరు అంటే మిల్లీలీటరులో వెయ్యో వంతు). ఒక్క మైక్రోలీటరులో 50 లక్షల ఎర్ర కణాలు. అంటే చుక్కలో 10 కోట్లు. గ్లూకోజ్ అణువులైతే లెక్కకే అందవు. అలాంటివి ఒక్క చుక్కలోనే కొలవొచ్చు, చిప్ బాగుంటే చాలు. షుగర్, హిమోగ్లోబిన్, కణాల లెక్క, అన్నీ ఈ కోవలోవే.

ఇప్పుడు సెప్సిస్ తీసుకోండి. రక్తంలో బాక్టీరియా చేరి మనిషి ప్రాణం మీదకొచ్చిన పెద్దవాళ్లలో కూడా చాలాసార్లు మిల్లీలీటరుకి ఒక్క బాక్టీరియా ఉండదు. మిల్లీలీటరుకి ఒకటి ఉందనుకున్నా, 20 మైక్రోలీటర్ల చుక్కలో అది దొరికే అవకాశం యాభైలో ఒకటి. చుక్కలోకి రానిదాన్ని బంగారంతో చేసిన చిప్ కూడా కనిపెట్టలేదు. అందుకే రక్తంలోని బాక్టీరియాని పెంచి చూసే బ్లడ్ కల్చర్ పరీక్షకి, సీసాకి 8 నుంచి 10 మిల్లీలీటర్లు తీస్తాం. అన్ని సీసాలెందుకమ్మా, ఉన్న రక్తమంతా మీరే తీసుకుంటున్నారు అని రోగుల బంధువులు రోజూ గొడవ.

కాబట్టి మెషీన్ ఎంత చిన్నది అని కాదు, వెతికేది ఆ చుక్కలో ఉందా అని అడగండి.

కోరమంగళ_కిట్టు
మరి ఒక్క చుక్కతో క్యాన్సర్ కనిపెట్టే చిప్ అని నెలకోసారి వాట్సాప్‌లో వస్తుందే?

డాక్టరమ్మ_జయనగర్
@కోరమంగళ_కిట్టు వాట్సాప్‌లో వేపాకుతో కూడా తగ్గుతుంది. వీరయ్య చెప్తాడు, అది వాళ్ల పేట.

వేఫర్_వీరయ్య
క్యాన్సర్ గడ్డ నుంచి విడిపోయి రక్తంలో తిరిగే కణాలుంటాయి. వ్యాధి శరీరమంతా పాకినవాళ్లలో కూడా మిల్లీలీటరుకి ఒకటో, కొన్నో. వాటి చుట్టూ 500 కోట్ల ఎర్ర కణాలు. డాక్టరమ్మగారి లెక్కే ఇక్కడా. 2004లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన సెల్‌సెర్చ్ పద్ధతికి 7.5 మిల్లీలీటర్ల రక్తం కావాలి. చుక్క కాదు, ట్యూబు.

2007లో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వాళ్లు ఒక చిప్ చేశారు. 78,000 సూక్ష్మ స్తంభాలు, వాటి మీద ఎప్‌క్యామ్ అనే ప్రొటీన్‌ని పట్టుకునే యాంటీబాడీ పూత. రక్తం స్తంభాల మధ్య నుంచి నిదానంగా, గంటకి ఒకటి రెండు మిల్లీలీటర్ల చొప్పున పారుతుంది, క్యాన్సర్ కణం వచ్చి అతుక్కుంటుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫోటోలో స్తంభాన్ని పట్టుకుని వేలాడే కణాన్ని చూసే నేను ఈ ఫీల్డుకి వచ్చాను. కానీ ఆ ప్రొటీన్ లేని క్యాన్సర్ కణాలు తప్పించుకుపోతాయి. సెల్‌సెర్చ్ వాడకం కూడా, రొమ్ము క్యాన్సర్ లాంటివి ముదిరినవాళ్లలో వ్యాధి ఎటు పోతోందో అంచనా వేయడానికే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లని క్యాంపుల్లో జల్లెడ పట్టడానికి కాదు.

హెచ్‌ఎస్‌ఆర్_అమ్మ
డాక్టరమ్మగారూ, మీ లెక్కలు బాగున్నాయి కానీ మీలాంటివాళ్లు మాట్లాడితే చిన్న డివైస్‌లన్నీ ఆటబొమ్మలన్నట్టు ఉంటుంది. మా బాబుకి టైప్ 1 షుగర్. చేతికి షుగర్‌ని ఆగకుండా కొలిచే సీజీఎం సెన్సర్ ఉంటుంది, రూపాయి బిళ్లంత. అది లేనప్పుడు రాత్రుళ్లు అలారం పెట్టుకుని లేచి నిద్రలో ఉన్నవాడి వేలు గుచ్చేదాన్ని. వాడు నిద్రలోనే చెయ్యి లాక్కునేవాడు. ఇప్పుడు ఫోన్ చూస్తే చాలు, అంకెతో పాటు బాణం పైకో కిందకో చూపిస్తుంది. నాకు ఆ బాణమే కావాలి.

తప్పులు చెప్పదని కాదు. అది కొలిచేది రక్తంలో కాదు, చర్మం కింది ద్రవంలో. అందుకని కొన్ని నిమిషాలు వెనకపడి ఉంటుంది. వాడు ఆ చెయ్యి మీద ఒరిగి పడుకుంటే లో షుగర్ అని అర్ధరాత్రి గోల పెడుతుంది, తీరా పక్కకి తిప్పి పడుకోబెడితే అంకె దానంతటదే పైకొస్తుంది. అనుమానమొస్తే వేలు గుచ్చి చూస్తాను. రెండు వారాలకో సెన్సర్, జేబుకి చిల్లు. అయినా వదలను.

డాక్టరమ్మ_జయనగర్
@హెచ్‌ఎస్‌ఆర్_అమ్మ ఆటబొమ్మలని నేననలేదమ్మా. మీరు వాడే పద్ధతే సరైనది. దాని బలహీనత మీకు తెలుసు, అనుమానమొస్తే రెండోసారి చూసుకుంటున్నారు. క్లబ్ హౌస్‌లో జరగనిది అదే. 6.3 వచ్చినప్పుడు ఆ టెలీ డాక్టర్ అడగాల్సిన మొదటి ప్రశ్న "రక్తం ఎలా తీశారు" అని.

స్టార్టప్_శీను
దీనికి మాత్రం నేనూ ఒప్పుకుంటా.

బొమ్మసంద్ర_బయో
డయాగ్నోసిస్ ఒక్కటే మాట్లాడుతున్నారు. ఈ చిప్‌లకి రెండో ముఖం ఉంది. నేను మందుల పరిశోధన కంపెనీలో కాలేయం విషప్రభావం పరీక్షలు చూస్తాను.

2010లో హార్వర్డ్ వీస్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఊపిరితిత్తి చిప్ చేశారు. మధ్యలో సన్నటి పొర, ఒక పక్క ఊపిరితిత్తి కణాలు, పైన గాలి. రెండో పక్క రక్తనాళం కణాలు, కింద ద్రవం. పక్కనున్న గదుల్లో గాలి పీలిస్తే పొర సాగుతుంది, వదిలేస్తే ముడుచుకుంటుంది. అచ్చం ఊపిరి తీసినట్టు. అలా సాగినప్పుడు కణాల తీరే మారుతుంది, గిన్నెలో కదలకుండా పెంచితే అది కనపడదు.

ఇప్పుడు కాలేయం చిప్‌లు వచ్చాయి. 2022లో ఒక కంపెనీ 870 చిప్‌ల మీద 27 మందులు పరీక్షించింది. మనుషుల్లో కాలేయాన్ని దెబ్బతీసే మందుల్లో 87 శాతాన్ని పట్టుకుంది, మంచి మందుని చెడ్డదని ఒక్కసారీ అనలేదు. అయితే పరీక్షించినవాళ్లే ఆ చిప్‌లు అమ్మేవాళ్లు, అది గుర్తుపెట్టుకుని చదవాలి. అదే ఏడు డిసెంబర్లో అమెరికా చట్టం మార్చి, కొత్త మందుకి జంతువుల మీద పరీక్ష తప్పనిసరి అనే మాట తీసేసింది. మన దేశంలోనూ 2023లో నిబంధనలు సవరించి ఇలాంటి చిప్‌లకి చోటిచ్చారు.

ఒక తలనొప్పి ఉంది. వీరయ్య చెప్పిన పీడీఎంఎస్ రబ్బరు, నూనె స్వభావం ఉన్న మందుల్ని పీల్చేసుకుంటుంది. మనం పోసింది ఒక మోతాదు, కణాలకి అందింది ఒక మోతాదు. మందు మంచిదా రబ్బరు మంచిదా తేలక జుట్టు పీక్కున్న సందర్భాలున్నాయి.

కోరమంగళ_కిట్టు
ఎలుకలకి మంచి రోజులొచ్చాయన్నమాట.

బొమ్మసంద్ర_బయో
@కోరమంగళ_కిట్టు ఇంకా రాలేదు. కాలేయం, మూత్రపిండం, మెదడు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే విషయం వచ్చేసరికి మళ్లీ ఎలుకే దిక్కు.

సందేహాల_సుబ్బయ్య
నాన్నని కూర్చోబెట్టి రక్తపింజర గారి పొటాషియం మాట చెప్పాను. కొంచెం మెత్తబడి గ్లూకోమీటర్ దించారు. అంతలో ఇంకో పరీక్ష పెట్టారు. ఒకే వేలికి వెంటవెంటనే రెండు స్ట్రిప్పులు వాడి, ఒకటి 142, ఇంకోటి 156. "చూశావా, దీనికే తెలీదు" అంటున్నారు.

డాక్టరమ్మ_జయనగర్
@సందేహాల_సుబ్బయ్య రెండూ సరైనవే అని చెప్పండి. గ్లూకోమీటర్లకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం (ఐఎస్ఓ 2013) ప్రకారం, షుగర్ 100 పైన ఉంటే మీటర్ అంకె ల్యాబ్ విలువకి అటూ ఇటూ 15 శాతం లోపు ఉండాలి, అదీ వందకి 95 సార్లు. 100 లోపైతే అటూ ఇటూ 15 పాయింట్లు. 150 ఉన్న మనిషికి 130 చూపినా, 170 చూపినా మీటర్ చెడిపోయినట్టు కాదు. మందు మార్చాలా అనేది ఒక్క అంకె చూసి ఎవరూ నిర్ణయించరు. గుచ్చే ముందు చేతులు సబ్బుతో కడిగి ఆరబెట్టుకోమనండి. మామిడిపండు తిన్న చేత్తో గుచ్చితే మామిడిపండు షుగరే వస్తుంది.

అది సరే, బీపీకి ఏ మాత్ర వేసుకుంటున్నారు?

సందేహాల_సుబ్బయ్య
టెల్మిసార్టాన్.

డాక్టరమ్మ_జయనగర్
అదే అడగాలనుకున్నాను. ఆ మాత్ర పొటాషియం పెంచగలదు, అందులోనూ షుగర్ వల్ల మూత్రపిండాలు కాస్త నెమ్మదించినవాళ్లలో. క్యాంప్ అంకె తప్పు కాబట్టి ఇక ఆ ఊసే వద్దని వదిలేయకండి. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం మీ డాక్టర్ చెప్పినప్పుడల్లా ల్యాబులో నరం రక్తంతో చూపిస్తూ ఉండండి.

రక్తపింజర
చెయ్యికి పట్టీ కట్టాక పిడికిలి బిగించి, తెరిచి, బిగించి చేయొద్దని కూడా చెప్పండి. దానికీ పొటాషియం పెరుగుతుంది. మా దగ్గర కొత్త పిల్లలు నరం దొరకట్లేదని పేషెంట్‌తో కసరత్తు చేయిస్తుంటారు, తిడుతూ ఉంటాను.

బెందకాళూరు_బుజ్జి
నాకో డౌటు. మెడికల్ షాపులో దొరికే ప్రెగ్నెన్సీ కిట్ కూడా ఈ జాతిదేనా?

వేఫర్_వీరయ్య
దగ్గరి చుట్టమే. పంపు లేదు, కరెంటు లేదు, కాగితమే ద్రవాన్ని పీల్చి ముందుకు లాగుతుంది. ఆ ఎర్ర గీత సాధారణంగా బంగారు నానో కణాలది. రెండో గీత పరీక్ష సరిగ్గా నడిచిందని చెప్పడానికి. 2007లో హార్వర్డ్‌లో జార్జ్ వైట్‌సైడ్స్ బృందం ఇంకో అడుగు వేసి, కాగితం మీదే కాలువలు గీసి ఒకే ముక్కలో గ్లూకోజ్, ప్రొటీన్ రెండూ చూపించింది.

బెందకాళూరు_బుజ్జి
బంగారమా! వాడిన కిట్లు పారేయొద్దని ఇంట్లో చెప్తా.

కడప_కారం
@బెందకాళూరు_బుజ్జి అన్నా, ముందు ఇంట్లో అన్ని కిట్లు ఎందుకున్నాయో కనుక్కో.

పాలిటెక్నిక్_పవన్
నేను చిత్తూరులో డిప్లొమా మెకానికల్ చేశాను. బెంగళూరులో ఈ ఫీల్డులో పీహెచ్‌డీ లేకుండా ఉద్యోగాలుంటాయా?

స్టార్టప్_శీను
@పాలిటెక్నిక్_పవన్ తమ్ముడూ, పీహెచ్‌డీలు మాకు కావాల్సినంత మంది ఉన్నారు. లేనిది నీలాంటివాళ్లే. ల్యాబులో పది చిప్‌లు చేయడం వేరు, పదివేలు ఒకేలా చేయడం వేరు. రబ్బరు పోసి ఒలిచే పద్ధతి అక్కడ పనికిరాదు, ప్లాస్టిక్ కరిగించి అచ్చుల్లో కొట్టాలి. కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ స్టార్టప్‌లకి ఇచ్చే బిగ్ గ్రాంటు కింద 18 నెలలకి 50 లక్షల దాకా ఇస్తారు, మంచిదే. కానీ అచ్చు చేయించి, స్టెరైల్ ప్యాకింగ్ చూసుకుని, ఆసుపత్రుల్లో పోల్చి చూసే పరీక్షలకి వచ్చేసరికి ఆ డబ్బు ఎటుపోయిందో తెలియదు. 2017 మెడికల్ డివైస్ రూల్స్ ప్రకారం ప్రమాదాన్ని బట్టి ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులు, దానికి తగ్గ కాగితాలు. ఆ కాగితాలు చూసే మనిషి దొరకడం చిప్ డిజైనర్ దొరకడం కంటే కష్టం.

పీణ్య_అచ్చులు
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో మాకు టూల్ రూమ్ ఉంది, షాంపూ మూతలకి, స్విచ్ బోర్డులకి అచ్చులు చేస్తాం. ఇలాంటి చిప్ కోసం ఒక కంపెనీ వాళ్లు వచ్చారు. డ్రాయింగ్‌లో కాలువ 100 మైక్రాన్ల వెడల్పు, లోపలి మూలలన్నీ కచ్చితంగా 90 డిగ్రీలు. నేనడిగాను, సార్ కట్టర్ గుండ్రంగా తిరుగుతుంది, లోపలి మూల గుండ్రంగా కాక ఎలా వస్తుంది అని. సాఫ్ట్‌వేర్‌లో వచ్చింది కదా అన్నారు.

అంత సన్నటి కట్టర్ పట్టుకుంటే కనపడదు, చెయ్యి వణికితే విరిగిపోతుంది. అంచున లోహం పొడుచుకొచ్చి ఉండే బర్ర్‌ని మామూలుగా ఎమెరీ కాగితంతో రుద్దేస్తాం. ఇక్కడ రుద్దితే కాలువే పోతుంది. అన్నీ చేసి, పైమూత వేడి చేసి అతికిద్దామంటే వేడి కాస్త ఎక్కువైతే కాలువ కూరుకుపోయింది, తక్కువైతే లీకు. వాళ్ల మేడం సిరంజితో ఎర్ర రంగు నీళ్లు ఎక్కించి చూసేవారు. రంగు పక్కకి పాకగానే మొహం మాడిపోయేది.

వేఫర్_వీరయ్య
@పీణ్య_అచ్చులు మీరు ఇన్నాళ్లూ ఎక్కడున్నారండీ! ఆ తర్వాత ఏం చేశారు, వేడి వదిలేసి ద్రావకం వాడారా?

పీణ్య_అచ్చులు
చివరికి జిగురు పూత ఉన్న ఫిల్మ్ వేశారు. రక్తంతో ఆ జిగురుకి పడిందో లేదో వాళ్లే చూసుకోవాలి, నాకు తెలిసింది లీకు ఆగడం వరకే. పవన్ బాబూ, డ్రాయింగ్ చదవడం వస్తే చాలు, మిగతాది మిషన్ దగ్గర నేర్చుకోవచ్చు. ఏసీ గది మాత్రం ఆశించకు.

పాలిటెక్నిక్_పవన్
డ్రాయింగ్ వచ్చు సార్. ఏసీ మా ఇంట్లోనూ లేదు.

వేఫర్_వీరయ్య
అల్యూమినియం అచ్చు ఒకటి కావాలి నాకు. కాలువ 200 మైక్రాన్ల వెడల్పు, 50 లోతు. ఎంతవుతుంది?

పీణ్య_అచ్చులు
డ్రాయింగ్ పంపండి చూస్తాను. ముందే చెప్తున్నా, మూలలు గుండ్రంగానే వస్తాయి.